ఏడేళ్ల గీజరు అడుగున నీరు కారుతోంది: బాగు చేయించడమా, మార్చడమా?

వేకువ (ప్రశ్న)

మా స్నానాల గదిలో గోడకు నిలువుగా బిగించిన 25 లీటర్ల గీజరు ఉంది. అది 2000 వాట్లది, పెట్టి ఏడేళ్లు దాటింది. పెట్టిన నాటి నుంచి దాన్ని ఎవరూ విప్పలేదు. పనిచేస్తున్నదాన్ని కదిలించడం ఎందుకని మేమే వద్దనుకున్నాము. అయితే రెండు నెలలుగా ఒకదాని వెంట ఒకటిగా నాలుగు లోపాలు బయటపడ్డాయి.

ఇదివరకు అరగంటలో కాగే నీళ్లకు ఇప్పుడు గంటకు పైగా పడుతోంది. కాగుతున్నంతసేపూ లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు వస్తోంది. అడుగున ఉన్న ప్లాస్టిక్ మూత అంచు నుంచి చుక్కలు పడుతున్నాయి. స్విచ్ వేసి ఉంచినప్పుడు ఎక్కువగానూ, రాత్రంతా ఆపి ఉంచితే తక్కువగానూ పడుతున్నాయి. నన్ను నిజంగా భయపెట్టినది నాలుగవది. వారంలో రెండు మూడు సార్లు, గీజరు వేసిన పది నిమిషాలకు ఇల్లంతా కరెంటు పోతోంది, వెళ్లి చూస్తే మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తుకు కారితే సరఫరా ఆపేసే రక్షణ స్విచ్) పడిపోయి ఉంటోంది.

ఇద్దరు మెకానిక్‌లను పిలిపించాము. మొదటాయన మూత కూడా విప్పకుండా కింద నుంచి ఒకసారి తలెత్తి చూసి, ట్యాంకు పోయింది, కొత్తది తెచ్చుకోండి అన్నారు. రెండో ఆయన నీటిని వేడిచేసే ఎలిమెంటు మారిస్తే అన్నీ సర్దుకుంటాయన్నారు. ఇద్దరిలో ఎవరూ ఏ పరీక్షా చేయలేదు, చుక్క ఎక్కడి నుంచి వస్తోందో చూపించలేదు. మా మామగారికి 78 ఏళ్లు, ఆయనకు చన్నీళ్లు పడవు కనుక ఎక్కువ రోజులు ఆగలేము. అలాగని కారణం తెలియకుండా కొత్తది కొనడానికీ, రెండు నెలల్లో మళ్లీ కారే దానికి ఖర్చు పెట్టడానికీ మనసు ఒప్పడం లేదు. మా వారికి కరెంటు పనిలో కొంత అలవాటుంది, ఇంట్లో మల్టీమీటర్ కూడా ఉంది. మేము స్వయంగా చూసి తేల్చుకోగలిగినది ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి.

పాతపానా

ఇరవై ఏళ్లకు పైగా గీజర్లు విప్పి బిగించే పనిలో ఉన్నాను. అన్నిటికంటే ముందు ఒక మాట చెప్పాలి. ఆర్‌సీసీబీ పడిపోతున్న గీజరును ఈ రోజు నుంచే వాడకండి. గోడ స్విచ్ ఆపితే సరిపోదు, బోర్డులో దాని ఎంసీబీని (ఆ ఒక్క లైనుకు ఉండే స్విచ్‌ను) కూడా దించండి, ప్లగ్ ఉంటే పీకేయండి. ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడుతోందని దాన్ని తప్పించి నేరుగా తీగ కలిపే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. మీ ఇంట్లో ఇప్పటివరకు ఎవరికీ షాక్ కొట్టలేదంటే, దాన్ని ఆపుతున్నది అదొక్కటే. మామగారికి ప్రస్తుతానికి నీళ్లు పొయ్యి మీద కాచి ఇవ్వండి.

ఇక మీ ప్రశ్న. బాగు చేయించాలా, మార్చాలా అన్నది గీజరు వయసును బట్టి తేలదు, నీరు ఎక్కడి నుంచి వస్తోందన్న దాన్ని బట్టి తేలుతుంది. అడుగున చుక్క కనబడగానే ట్యాంకు పోయిందనడం చాలా తొందరపాటు, ఎందుకంటే పైన ఎక్కడ కారినా నీరు రేకు వెంట జారి అడుగు మూతలోకే చేరుతుంది. చుక్క పడే చోటు వేరు, పుట్టే చోటు వేరు.

కరెంటు పూర్తిగా తీసి, నీరు చల్లారాక అడుగు మూత విప్పండి. తీగలు, పైపు కీళ్లు, ఎలిమెంటు బిగించి ఉండే, మధ్యలో గుండ్రంగా కనిపించే ఫ్లాంజ్ పళ్లెం, అన్నిటినీ పొడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. తరువాత చన్నీళ్ల పైపు కీలు చుట్టూ, వేడినీళ్ల పైపు కీలు చుట్టూ, ఫ్లాంజ్ అంచు చుట్టూ, ఫ్లాంజ్ మధ్య ఎలిమెంటు కాళ్ల (కరెంటు తీగలు బిగించే కొసల) దగ్గర, ఒక్కొక్కచోట వేరువేరుగా పల్చటి టిష్యూ కాగితం చుట్టి, నీటి సరఫరా తెరిచే ఉంచి గంటసేపు వదిలేయండి. ఏ కాగితం మొదట తడిసిందో అక్కడే మీ జవాబు ఉంది. పైపు కీలు దగ్గర తడిస్తే అది వాషర్ పని. ఫ్లాంజ్ అంచు తడిస్తే రబ్బరు గాస్కెట్ గట్టిపడి పోయిందని అర్థం. ఎలిమెంటు కాళ్ల మధ్య నుంచి వస్తే ఎలిమెంటు పగిలింది. ఇవన్నీ పొడిగా ఉండి, బయటి రేకుకూ లోపలి ట్యాంకుకూ నడుమ ఉన్న నురగ పొరలో నుంచి తుప్పు రంగు నీరు ఊరుతూ ఉంటే మాత్రమే ట్యాంకు పోయినట్టు. దానికి వెల్డింగు పెట్టి లాభం లేదు. అతికిన వేడికి లోపలి గాజు పూత పెచ్చులూడుతుంది, ఆ పక్కనే ఇంకో చోట తుప్పు మొదలవుతుంది. అప్పుడు మార్చక తప్పదు.

స్విచ్ వేసినప్పుడు చుక్కలు ఎక్కువవుతున్నాయన్నారు గనుక సేఫ్టీ వాల్వును కూడా గమనించండి. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 25 లీటర్ల నీరు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చేరేసరికి సుమారు 350 మిల్లీలీటర్లు పెరుగుతుంది. చన్నీళ్ల పైపులో నీటిని వెనక్కి పోనివ్వని వాల్వు ఉంటే, ఆ పెరిగిన నీరు సేఫ్టీ వాల్వు చిన్న గొట్టం నుంచి చుక్కలుగా బయటికి రావాలి. అది లోపం కాదు, అది దాని విధి. ఆ చుక్కలు చూసి విసుగెత్తి గొట్టానికి బిరడా కొట్టిన ఇళ్లను నేను చూశాను. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్, మరీ వేడెక్కితే కరెంటు తెంపే కటౌట్ రెండూ విఫలమైన రోజున ట్యాంకులోని ఒత్తిడి బయటపడడానికి ఉన్న దారి అదొక్కటే కనుక, ఎట్టి పరిస్థితిలోనూ దాన్ని మూయకూడదు.

సన్నతీగ

విద్యుత్ సంగతి వరకు నేను చెబుతాను.

ఎలిమెంటు అంటే ఒక లోహపు గొట్టం, దాని నడుమ వేడెక్కే తీగ, రెంటికీ మధ్య దట్టించిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. ఆ పొడి వేడిని పోనిస్తుంది గానీ కరెంటును పోనివ్వదు. పై గొట్టానికి వెంట్రుకంత పగులు వచ్చినా నీరు లోపలికి దిగి ఆ పొడి తడుస్తుంది, తడిసిన పొడి గుండా కరెంటు కొద్దికొద్దిగా గొట్టానికీ, అక్కడి నుంచి ఎర్తుకూ కారడం మొదలవుతుంది. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ సాధారణంగా 30 మిల్లీయాంపియర్లకు పడిపోయేలా ఉంటుంది. మీకు వేసిన వెంటనే గాక పది నిమిషాలకు పడుతోందంటే, పగులు చిన్నదై ఉండి, వేడికి విచ్చుకున్నప్పుడు కారుడు ఆ హద్దు దాటుతోందని నా అనుమానం.

మల్టీమీటర్‌తో చేయగలిగిన పరీక్ష ఇది. ఎంసీబీ దించి, ఫేజ్, న్యూట్రల్ రెండిట్లోనూ కరెంటు లేదని టెస్టర్‌తో నిర్ధారించుకున్నాక, ఎలిమెంటు రెండు కాళ్ల తీగలూ విప్పి, కాలికీ కాలికీ మధ్య నిరోధం కొలవండి. 230 వోల్టుల మీద 2000 వాట్ల ఎలిమెంటుకు సుమారు 26 ఓములు రావాలి. అంతులేనంత చూపిస్తే లోపలి తీగ తెగింది. తరువాత ఒక్కో కాలికీ, ఫ్లాంజ్ లోహానికీ మధ్య మెగా ఓముల రేంజిలో కొలవండి. ఏ కొద్ది ఓములో, కిలో ఓములో చూపించినా ఆ ఎలిమెంటు పనికిరాదు. ఏమీ చూపించకపోయినా అది మంచిదని మాత్రం తేల్చుకోకండి. మల్టీమీటర్ లోపలి బ్యాటరీ బలం చాలా తక్కువ కనుక సన్నని కారుడు దానికి దొరకదు. ఎలక్ట్రీషియన్ దగ్గర 500 వోల్టులతో ఇలాంటి కారుడును పరీక్షించే మెగ్గర్ అనే మీటరు ఉంటుంది, దానితో చూస్తే నిజం బయటపడుతుంది.

నీళ్లు ఆలస్యంగా కాగడం గురించి ఒక సాధారణమైన అపోహను ఇక్కడ సరిదిద్దాలి. ఎలిమెంటు మీద సున్నం పట్టింది కాబట్టి నీళ్లు నెమ్మదిగా కాగుతున్నాయని అందరూ అంటారు. ఎలిమెంటు పూర్తిగా నీళ్లలోనే మునిగి ఉంటుంది, అది తీసుకున్న కరెంటంతా వేడిగా మారి ఎలాగైనా ఆ నీళ్లలోకే చేరాలి. 25 లీటర్లను 35 డిగ్రీలు పెంచడానికి ఒక యూనిట్ కంటే కొద్దిగా ఎక్కువ పడుతుంది, 2000 వాట్లకు అది అరగంట పని. సున్నం పట్టినా ఈ లెక్క పెద్దగా మారదు. సున్నం చేసే అసలు హాని వేరు. అది దుప్పటిలా కప్పేస్తుంది కనుక ఎలిమెంటు గొట్టం తాను ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువగా వేడెక్కి పగులుతుంది. పొర కింద చిక్కిన నీరు ఆవిరై చిట్లడమే మీరు విన్న గులకరాళ్ల చప్పుడు.

మరి గంట ఎందుకు పడుతోంది? థర్మోస్టాట్ కడ్డీ ఉండే గొట్టం ఎలిమెంటు పక్కనే ఉంటుంది. రెండూ కలిసి ఒకే సున్నపు గడ్డలో కూరుకుపోతే, థర్మోస్టాట్‌కు నీటి వేడి బదులు ఎలిమెంటు వేడి తగులుతుంది, నీళ్లు కాగకముందే అది కరెంటు ఆపేస్తుంది, కాసేపటికి చల్లారి మళ్లీ వేస్తుంది. కాగుతున్న సమయంలో గీజరు మీది ఎర్ర దీపం నాలుగైదు సార్లు ఆరి వెలిగిందేమో మీరెప్పుడైనా గమనించారా? గమనించి ఉంటే కారణం ఇదే. దీపం ఆగకుండా వెలుగుతూనే ఉన్నా గంట పట్టిందంటే వోల్టేజీ తగ్గుతోందేమో, తీగ బిగింపు వదులై మాడిందేమో చూడాలి.

మూడోమెట్టు

పైవారు చెప్పినది సరైనదే గాని, నా అనుభవం కూడా చెబితే మీ లెక్కలో అది ఉంటుంది. మా గీజరుకు ఆరో ఏట ఇలాగే ఎలిమెంటు, గాస్కెట్ మార్పించాను. మార్చినాయన లోపల దీపం వేసి చూడలేదు, చూడమని అడగాలని నాకూ తెలియదు. నాలుగు నెలలు బాగా పనిచేసింది. ఆ తరువాత ఒక తెల్లవారుజామున గది నేలంతా తుప్పు నీళ్లు. ట్యాంకు అతుకు వెంట రంధ్రం పడింది, పెట్టిన ఖర్చంతా వృథా అయింది. కాబట్టి ఎలిమెంటు బయటికి వచ్చిన ఆ పది నిమిషాలలో ట్యాంకు లోపలి గోడలు చూడకుండా కొత్త ఎలిమెంటు బిగించనివ్వకండి.

ఒకవేళ మార్చవలసి వస్తే రెండు సంగతులు గుర్తుంచుకోండి. చాలా అంతస్తుల ఇళ్లలో కింది గదులకూ, మోటారుతో ఒత్తిడి పెంచిన పైపులకూ 8 బార్ ఒత్తిడిని తట్టుకునే ట్యాంకు తీసుకోవాలి. పైన ప్రతి పది మీటర్ల ఎత్తు నీటికి కింద సుమారు ఒక బార్ ఒత్తిడి చేరుతుందని లెక్క. రెండవది, స్టెయిన్‌లెస్ స్టీలు అయితే తుప్పే పట్టదన్న మాటను పూర్తిగా నమ్మవద్దు. నీటిలో క్లోరైడు ఎక్కువగా ఉంటే వెల్డింగు గీతల వెంట దానికీ సూదిబెజ్జాలు పడతాయి.

వేకువ

అందరికీ కృతజ్ఞతలు. గీజరు కరెంటు అదే రోజు తీసేశాము. ఎర్ర దీపం సంగతి చదవగానే మా అమ్మాయి, అవునమ్మా, అది కన్నుగీటినట్టు ఆరి వెలుగుతోందని నేను చాలాసార్లు చెప్పాను కదా అంది. చెప్పిందట, నేనే పట్టించుకోలేదు.

నిన్న మూత విప్పి కాగితాలు చుట్టాము. పైపు కీళ్లు రెండూ పొడిగా ఉన్నాయి. ఇరవై నిమిషాలలో ఫ్లాంజ్ అంచున కుడివైపు కాగితం తడిసింది, అక్కడి బోల్టు తల చుట్టూ పచ్చని చిలుము, దాని కింద తుప్పు కనిపించాయి. నురగ పొర ఎక్కడా తడిగా లేదు. కాలికీ కాలికీ మధ్య 27 ఓములు వచ్చింది. ఒక కాలికీ ఫ్లాంజ్‌కూ మధ్య మీటరు 40 కిలో ఓముల దగ్గర ఊగిసలాడింది, అంటే ఎలిమెంటు పోయినట్టే అనుకుంటున్నాను. వేడినీళ్ల కుళాయిలో మాత్రమే పొద్దున్నే మొదటి చెంబుకు నీళ్లు కాస్త ఎర్రగా వస్తున్నాయి, చన్నీళ్లు తేటగానే ఉన్నాయి. ఇది ట్యాంకు తుప్పేనా? రేపు ఎలిమెంటు బయటికి తీయించబోతున్నాము, అప్పుడు ఏమేమి చూడాలి?

పాతపానా

చాలా చక్కగా చూశారు. వేడినీళ్లే ఎర్రగా వస్తున్నాయంటే తుప్పు గీజరులోనే ఉండే అవకాశం ఎక్కువ. అయితే అది ట్యాంకుదా, ఫ్లాంజ్ పళ్లెం లోపలి ముఖానిదా అన్నది విప్పితేనే తెలుస్తుంది. పళ్లెందైతే పళ్లెమే మార్చవచ్చు.

చన్నీళ్ల వాల్వు కట్టి, వేడినీళ్ల కుళాయి తెరిచి గాలి ఆడనిచ్చాక ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించండి. 25 లీటర్లంటే పాతిక కిలోల నీరు. దాన్ని ఖాళీ చేయకుండా ఫ్లాంజ్ బోల్టులు వదులు చేస్తే నీరు మనిషి ముఖం మీద పడుతుంది. ఫ్లాంజ్ దిగాక మొట్టమొదట మెగ్నీషియం కడ్డీని చూడండి. చాలా గీజర్లలో అది ఫ్లాంజ్‌కే బిగించి ఉంటుంది. కొత్తదైతే వేలంత లావు. అది తాను కరిగిపోతూ ఉక్కు ట్యాంకును కాపాడుతుంది. గాజు పూతలో ఎక్కడ సూదిమొనంత లోపమున్నా తుప్పు ఆ ఉక్కును వదిలి ముందు ఈ కడ్డీని తింటుంది, కడ్డీ అయిపోయిన నాటి నుంచి ట్యాంకును తినడం మొదలుపెడుతుంది. ఉప్పునీళ్లు వచ్చే ఇళ్లలో ఏడాదికొకసారి చూడవలసిన వస్తువు ఇది. నేను విప్పిన పాత గీజర్లలో నూటికి తొంభైకి పైగా ఇళ్లవారికి అలాంటిది ఒకటుందన్న సంగతే తెలియదు, అమ్మినవారు చెప్పి ఉండరు. ఏడేళ్లలో మీది నడిమి ఇనుప తీగ మాత్రమే మిగిలి ఉంటుందని నా అంచనా.

తరువాత చిన్న టార్చి, ఒక చేతి అద్దం పెట్టి ట్యాంకు లోపల చూడండి. నీలంగా నున్నగా మెరుస్తుంటే పూత బాగుంది. తెల్లని సున్నం అంటి ఉంటే భయం లేదు, దాన్ని ప్లాస్టిక్ చెంచాతోనో చేతితోనో తీయాలి గాని స్క్రూడ్రైవర్‌తో గీకకూడదు. గీకితే పూత పోతుంది. గోధుమరంగు బొబ్బలు, ముఖ్యంగా పై మూత అతుకు గీత వెంట ఉంటే, అక్కడ వేలితో నొక్కండి. పొర ఊడి కింద గుంట తగిలితే దాని మీద ఇక ఖర్చు పెట్టకండి, మార్చండి. బాగుంటే ఎలిమెంటు, గాస్కెట్, మెగ్నీషియం కడ్డీ, థర్మోస్టాట్ నాలుగూ ఒకేసారి మార్పించండి. ఒకదాన్ని పాతది ఉంచితే మళ్లీ ఇదే విప్పుడు విప్పాలి.

బిగించేటప్పుడు ఫ్లాంజ్ బోల్టులను వరుసగా కాకుండా ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి, లేకపోతే గాస్కెట్ ఒకవైపు నలిగి మరోవైపు కారుతుంది. కరెంటు ఇచ్చే ముందు వేడినీళ్ల కుళాయిలో గాలి బుడగలు లేని నిండు ధార వచ్చేదాకా నీరు పట్టనివ్వాలి. ఖాళీ ట్యాంకులో వేస్తే కొత్త ఎలిమెంటు చూస్తుండగానే మాడుతుంది.

సన్నతీగ

పనిలో పనిగా ఎర్తు తీగ ఫ్లాంజ్‌కు గట్టిగా ఉందో లేదో, ఆ చివర మాడు మరక ఉందో చూడండి. స్విచ్ ఒంటి తీగను మాత్రమే తెంపేదైతే, ఫేజ్, న్యూట్రల్ రెంటినీ ఒకేసారి తెంపే స్విచ్ వేయించండి. థర్మోస్టాట్ 60 దగ్గర ఉంచడం మంచిది. అంతకంటే పెంచితే సున్నం వేగంగా పడుతుంది, మరీ తగ్గించి ఎప్పుడూ గోరువెచ్చగా నిలవ ఉంచితే నీటిలో లీజియోనెల్లా బాక్టీరియా పెరిగే అవకాశం ఉంటుంది. అయితే 60 డిగ్రీల నీరు 5 సెకన్లలోనే చర్మాన్ని తీవ్రంగా కాలుస్తుంది, పెద్దవారి పల్చని చర్మానికి ఇంకా తొందరగా. మీ మామగారు స్నానం చేసే బకెట్టులో ముందు చన్నీళ్లు, తరువాత వేడినీళ్లు పట్టే అలవాటు ఇంట్లో అందరికీ చేయండి.

వేకువ

మూడు వారాలు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే మళ్లీ కారదని చూసుకున్నాకే చెప్పాలనుకున్నాను.

ఫ్లాంజ్ దించినప్పుడు ముందు బయటికి వచ్చినది ఎలిమెంటు కాదు, తట్టకు సగం తెల్లని పెచ్చులు. ఎలిమెంటు, థర్మోస్టాట్ గొట్టం రెండూ విడివిడిగా కనబడనంతగా ఒకే గడ్డలో ఉన్నాయి. చేతితో విరిస్తే పాత గోడ సున్నంలా పొరలు పొరలుగా ఊడింది, వంపు దగ్గర గొట్టం మీద పగులు, దాని చుట్టూ నల్లని మచ్చ కనిపించాయి. మెగ్నీషియం కడ్డీ ఉండవలసిన చోట, చెప్పినట్టే, సన్నని తీగ ఒకటి వంకరగా వేలాడుతోంది. ట్యాంకు లోపల అద్దం పెట్టి మా వారు, మెకానిక్ ఇద్దరూ చూశారు, తరువాత నేనూ చూశాను. గోడలు, పై అతుకు గీత నీలంగానే మెరుస్తున్నాయి. తుప్పంతా ఫ్లాంజ్ పళ్లెం లోపలి ముఖం మీద, ఆ కుడివైపు బోల్టు రంధ్రం చుట్టూ ఉంది. అందుకని బాగు చేయించడానికే నిర్ణయించుకున్నాము. ఆ పళ్లెంతో సహా మీరు చెప్పినవన్నీ మార్పించాము, స్విచ్ కూడా మార్చాము.

ఇప్పుడు నీళ్లు 32 నిమిషాలలో కాగుతున్నాయి, దీపం మధ్యలో ఆరడం లేదు, ఆర్‌సీసీబీ ఒక్కసారి కూడా పడలేదు, వేడినీళ్లు తేటగా వస్తున్నాయి. ఫ్లాంజ్ కింద పరిచిన కాగితం ఈ ఉదయం కూడా పొడిగా ఉంది. సేఫ్టీ వాల్వు మాత్రం కాగేటప్పుడు చుక్కలు వదులుతోంది. దానికి సన్నని గొట్టం తగిలించి చివర తెరిచే ఉంచి నీరు పోయే జాలీ దగ్గరికి దింపాము.

ఇది చూశాక మా మామగారే, పై గదిలో మూడేళ్ల కిందట పెట్టిన ఇంకో గీజరును కూడా విప్పించమన్నారు. దానిలో కడ్డీ సగం మిగిలి ఉంది, ఎలిమెంటు మీద సున్నం గోటితో ఊడేంత పల్చగానే ఉంది. అక్కడికక్కడే కొత్త కడ్డీ వేయించాము.